నలభై రెండు నిమిషాల న్యాయం

ఇకమీదట ఏ నేరమైనా నలభై రెండు నిమిషాల్లో తేలిపోవాలని పోలీసు శాఖ మంత్రిగారు ప్రకటించారు. అందులో వ్యాపార ప్రకటనల సమయం కలిసి లేదని, అది కూడా కలుపుకుంటే గంట దాకా వెసులుబాటు ఇవ్వడానికి తమకేమీ అభ్యంతరం లేదని ఆయన ఉదారంగా సెలవిచ్చారు.

ఇంత గొప్ప నిర్ణయం వెనక ఎంతో శ్రమ ఉంది. నెల క్రితం ఆయనకు నడుం పట్టేసింది. పది రోజులు మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడు. మామూలు మనిషైతే ఆ పది రోజులూ మూలుగుతూ పడుకునేవాడు. మంత్రిగారు మాత్రం టీవీని పడగ్గదిలోకి తెప్పించుకుని, నేర పరిశోధనల సీరియల్ ఒకటి పెట్టుకుని, మొదటి సీజన్ మొత్తం కళ్లలో వత్తులు వేసుకుని చూశారు. ఇరవై నాలుగు ఎపిసోడ్లు. ఇరవై నాలుగు నేరాలు. ఇరవై నలుగురు దోషులు. ఒక్క కేసు కూడా పెండింగు లేదు. పదకొండో రోజు లేచి కూర్చుని, మన ల్యాబులో ఎన్ని పెండింగు ఉన్నాయని సెక్రటరీని అడిగారు. సెక్రటరీ చెప్పాడు. మంత్రిగారు మళ్లీ పడుకున్నారు. కానీ పడుకునే సర్క్యులరు చెప్పి రాయించారు.

ఆ సర్క్యులరు వచ్చి పడిన చోటు పోలీసు ఆఫీసు వెనకాల ఉన్న నేర పరిశోధన ల్యాబు. నాలుగు గదులు, ఒక వరండా, ఒక స్టోర్ రూమ్. అందులో వేలిముద్రల విభాగం చూసే ఆవిడను అందరూ భూతద్దం మేడమ్ అంటారు. ఇరవై ఆరేళ్లుగా నల్లదారానికి కట్టిన భూతద్దం ఆవిడ మెడలో వేలాడుతూనే ఉంది. ఇంటికెళ్లి వంట చేసేటప్పుడు కూడా తీయడం మర్చిపోతుంది. తొందరపెడితే ఆవిడకు ఒళ్లుమంట. రెండు వేలిముద్రలు ఒకటేనా కాదా అన్నది మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి, గీత గీతా చూసి, మర్నాడు పొద్దున్నే వచ్చి ఇంకోసారి చూసి, అప్పుడు రాస్తుంది. రాసేది కూడా నాలుగు ముక్కలే.

సర్క్యులరు ప్రకారం సిబ్బంది అంతా ఆ సీజన్ చూడాలి. చూశాక పరీక్ష ఉంటుంది. మేడమ్ ఇంట్లో అంతవరకు టీవీ అత్తగారి సొత్తు. కోడలు వచ్చి పక్కన కూర్చుంటే ఆవిడ మొదట అనుమానంగా చూసింది, తర్వాత సంబరపడింది. పాతికేళ్ల కాపురంలో కోడలు ఉద్యోగం ఏమిటో ఇన్నాళ్లకు తెలిసిందని చెప్పి, ఒక్క ఎపిసోడ్ కూడా వదల్లేదు. ప్రతి ఎపిసోడ్లోనూ హంతకుడు వంటవాడేనని మొదటి ఐదు నిమిషాల్లోనే తేల్చేసేది. ఇరవై నాలుగింట్లో రెండు సార్లు ఆవిడ మాటే నిజమైంది. కోడలికి పరీక్షలో వచ్చిన మార్కులు కూడా అంతంతమాత్రమే. సీరియల్లో కేసులన్నీ ఛేదించే హీరో గురించి "చీఫ్ ఎందుకు మెల్లగా నడుస్తాడు?" అన్న ప్రశ్నకు ఆవిడ "కాలు నొప్పి" అని రాసింది. సరైన జవాబు "ఆలోచిస్తున్నాడు" అట.

తర్వాత సంస్కరణలు మొదలయ్యాయి. ముందు ట్యూబులైట్లు తీసేసి నీలం బల్బులు పెట్టారు. ఆ వెలుతురులో వేలిముద్ర సంగతి దేవుడెరుగు, వేలే కనబడటం లేదని మేడమ్ వెళ్లి ల్యాబు డైరెక్టరు గారికి చెప్పుకుంది. డైరెక్టరు గారు నెమ్మదస్తుడు. పైవాళ్ల మాటకు ఎదురుచెప్పి ఎరగరు.

"సీరియల్లో వాళ్లకి కనబడుతోంది కదా మేడమ్," అన్నారు ఆయన.

మేడమ్ సామాన్లు పట్టుకుని వరండాలో కిటికీ పక్కకు మకాం మార్చింది. ఆ తర్వాత అందరికీ పొడుగాటి కోట్లు కుట్టించారు. నడుస్తుంటే కోటు వెనక్కి ఎగరాలని నిబంధన ఉండటంతో వరండా చివర పెద్ద స్టాండు ఫ్యానొకటి పెట్టారు. ఆ గాలికి మేడమ్ వేలిముద్రల మీద చల్లే పొడి అంతా ఎగిరిపోయి ఎదురుగా కూర్చున్న గుమాస్తా ముఖం నల్లబడింది. గదుల మధ్య గోడలు కొట్టేసి అద్దాల గోడలు నిలబెట్టారు. ఇరవై ఆరేళ్ల మైక్రోస్కోపును చూసి కొత్త సలహాదారుడెవరో కుట్టుమిషనా అని అడిగాడు. మర్నాడు దానికి గోనెసంచి కప్పి స్టోర్ రూమ్‌లో పడేశారు. దాని స్థానంలో గోడంత స్క్రీను ఒకటి వచ్చింది. అది అలాంటిలాంటి స్క్రీను కాదు. సీజన్ షూటింగు అయిపోయాక సెట్టు సామాన్లు అమ్మేస్తుంటే, సాక్షాత్తూ చీఫ్ వాడిన స్క్రీనునే మన శాఖ టెండరు పిలిచి మరీ సొంతం చేసుకుంది.

ఇదంతా మేడమ్ ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది ఒక్కటే, అద్దాల మేస్త్రీ ఫైలు.

ఈ మేస్త్రీ కిటికీలకు అద్దాలు బిగించేవాడు. మంత్రిగారి బామ్మర్ది కొత్తగా కట్టుకున్న బంగళాలో అద్దాలన్నీ అతనే బిగించాడు. నెల తిరక్కుండా ఆ ఇంట్లో బంగారు గడియారం పోయింది. పోలీసులు వెళ్లి, అద్దం కదలకుండా కిటికీ అంచున పెట్టిన పుట్టీని ఒక మూల పెళ్లగించి మరీ చూస్తే మేస్త్రీ వేలిముద్రలు దొరికాయి. అతన్ని తీసుకెళ్లి లోపల పెట్టారు. నేను బిగించిన అద్దమే కదా సార్, నా వేలిముద్ర ఉండదా అని అతను మొత్తుకున్నాడు. దొరికినవాడెవడూ నేనే దొంగనని చెప్పడని ఇన్‌స్పెక్టరు కొట్టిపారేశాడు.

కిటికీ మొత్తం ఊడదీయించి ల్యాబుకు తెప్పించుకున్నది మేడమే. చెక్క ఫ్రేములోంచి మిగతా పుట్టీ గోకి అద్దం బయటికి తీసి చూసింది. మేస్త్రీ వేలిముద్రలు మొత్తం తొమ్మిది. తొమ్మిదీ అద్దం అంచున, పుట్టీ కింద దాగిపోయే అర అంగుళం మేర ఉన్నాయి. బయటికి కనబడే అద్దం మీద ఒక్కటి కూడా లేదు. పుట్టీ పెట్టేశాక ఆ అర అంగుళంలో ఎవరూ వేలు పెట్టలేరు. అంటే అవి అద్దం బిగించిన రోజువి, దొంగతనం రోజువి కావు. ఆ మాటే నాలుగు వాక్యాల్లో రాసి సంతకం పెట్టి నాలుగు నెలలైంది. ఇల్లు మంత్రిగారి బామ్మర్దిది కాబట్టి ఆ రిపోర్టును తొందరపడి బయటికి పంపడం మర్యాద కాదని డైరెక్టరు గారు దాన్ని టేబుల్ సొరుగులో మర్యాదగా ఉంచారు.

మేస్త్రీ భార్య రోజూ వచ్చి ల్యాబు మెట్ల మీద కూర్చునేది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కోర్టు కాగితాలు. మేడమ్ మెట్లెక్కుతుంటే లేచి నిలబడి ఒకే ప్రశ్న వేసేది.

"అమ్మా, కాగితం కదిలిందా?"

రేపు కదులుతుందని మేడమ్ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ సిగ్గుపడేది.

స్క్రీను ప్రారంభోత్సవానికి మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. నడుం ఇంకా పట్టేసే ఉండటం వల్ల వరండాలో ఒక్కో అడుగూ మెల్లగా వేశారు. అచ్చం చీఫ్ లాగే నడిచారని జనం చప్పట్లు కొట్టారు. ఆయన కాదనలేదు. ఏదైనా పాత కేసు తెమ్మన్నారు. మంత్రిగారు సంతోషిస్తారని డైరెక్టరు గారు ఏరికోరి బామ్మర్ది గారి కేసే తెచ్చారు.

కిటికీ మీది వేలిముద్రను ఒక పక్కన, మేస్త్రీ వేలిముద్రను ఇంకో పక్కన పెట్టారు. స్క్రీను మీద రెండు వేలిముద్రలు గిరగిరా తిరిగాయి. ఎర్రగీతలు అటూ ఇటూ పరుగెత్తాయి. కుయ్యిమని శబ్దం వచ్చింది. సరిగ్గా అర నిమిషానికి తాటికాయంత అక్షరాలతో "మ్యాచ్" అని పడింది.

హాలు దద్దరిల్లిపోయింది. నాలుగు నెలలు మనుషులు తేల్చలేనిది యంత్రం అర నిమిషంలో తేల్చిందని మంత్రిగారు పత్రికలవాళ్లకు వివరించారు. సార్, అవి అతని ముద్రలేనని నేనూ రాశాను, కానీ ఎక్కడ ఉన్నాయో చూడాలి అని మేడమ్ ముందుకు వచ్చి మొదలుపెట్టింది. ఎక్కడున్నాయో ఇప్పుడే అందరూ చూశారు కదా అని మంత్రిగారు స్క్రీను చూపించారు. డైరెక్టరు గారు ఆవిడ కోటు పట్టుకుని వెనక్కి లాగారు. మ్యాచ్ అన్న కాగితం సంతకాలు చేయించుకుని కోర్టుకు వెళ్లిపోయింది. వచ్చే నెల మొదటి శుక్రవారం తీర్పు.

బయట మెట్ల మీద మేస్త్రీ భార్యకు చప్పట్లు వినబడ్డాయి. మంచి కబురేనా అమ్మా అని ఆశగా అడిగింది. మేడమ్ వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లి స్టోర్ రూమ్‌లో మైక్రోస్కోపు పక్కన కూర్చుని కాసేపు ఏడ్చింది.

మర్నాడు అందరూ భోజనాలకు వెళ్లాక ఆవిడ స్క్రీను ముందు నిలబడింది. మేస్త్రీ ముద్ర ఒక పక్కనే ఉంచి, రెండో పక్కన తన బొటనవేలు పెట్టింది. గిరగిరా, ఎర్రగీతలు, కుయ్యి. మ్యాచ్. ఎడమ చేతి వేలు పెట్టింది. మ్యాచ్. టీ కప్పు పెట్టింది. మ్యాచ్. ఆఖరికి టేబుల్ మీద గుమాస్తా రబ్బరు ముక్క ఉంటే అది పెట్టి చూసింది. అర నిమిషం తిరక్కుండా రబ్బరు ముక్క కూడా దోషిగా తేలింది. స్క్రీను వెనక్కి వెళ్లి చూస్తే ఒక పెన్ డ్రైవు గుచ్చి ఉంది. దానిలో ఉన్నది ఒకే ఒక్క వీడియో. సీరియల్ వాళ్లకు అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు.

పరుగున వెళ్లి డైరెక్టరు గారికి చెప్పింది. ఆయన ఆసాంతం విన్నారు. విని కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"మ్యాచ్ కాని యంత్రం కొంటే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా మేడమ్?" అన్నారు.

ఆ తర్వాతి మూడు వారాల్లో ల్యాబు సాధించిన ప్రగతి ఎంత పొగిడినా తక్కువే. ఏళ్ల తరబడి మూలుగుతున్న ఫైళ్లన్నీ రోజుకు నలభై చొప్పున తేలిపోయాయి. అనుమానితుడని పట్టుకొచ్చిన ప్రతివాడూ దోషేనని తేలడంతో పోలీసులకు తమ మీద తమకే గౌరవం పెరిగింది. ఒక కేసులో ముగ్గురు అనుమానితులుంటే ముగ్గురివీ మ్యాచ్ అయ్యాయి. ఒకే బొటనవేలు ముగ్గురికి ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు. ముఠా అని రాసుకున్నారు. పెండింగు సున్నా అయిన సందర్భంగా వచ్చే నెల మొదటి బుధవారం నాడు సీజన్ ముగింపు సభ పెట్టాలని మంత్రిగారు నిశ్చయించారు. మేస్త్రీ తీర్పుకు దాని తర్వాత ఇంకా రెండు రోజులు.

మంగళవారం సాయంత్రం మేడమ్ ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినడం లేదు. అత్తగారు కారణం అడిగింది. ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడే అలవాటు ఆవిడకు లేదు. ఆ రోజు మాత్రం మొత్తం చెప్పేసింది. అత్తగారు శ్రద్ధగా విని, మేస్త్రీ దొంగ కాదని వెంటనే ఒప్పుకుంది. ఆ ఇంట్లో వంటవాడు ఉన్నాడా అని అడిగింది. లేడని తెలిసి కొంచెం నిరాశపడింది. తర్వాత ఇంకో ప్రశ్న వేసింది.

"పంతొమ్మిదో ఎపిసోడ్లో ఇంటాయన వేలిముద్ర కూడా తీసుకుంటారు కదమ్మా. మీరు తీసుకోరా?"

మేడమ్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నిజానికి అది ఏ ల్యాబులోనైనా చేసే పనే. ఇంట్లోవాళ్ల ముద్రలు ముందు తీసుకుని పక్కన పెడితే, మిగిలినవి బయటివాళ్లవని తెలుస్తుంది. ఈ కేసులో బామ్మర్ది గారిని వేలు అడిగే ధైర్యం ఎవరికీ లేక ఆ పని జరగలేదు. రూలు పుస్తకం చూపించి అడిగితే ఇప్పుడైనా జరగదు. పంతొమ్మిదో ఎపిసోడ్ చూపించి అడిగితే సంగతి వేరు. ఆ పూట ఆవిడ రెండోసారి వడ్డించుకుని తిన్నది.

బుధవారం సభకు టీవీలవాళ్లంతా వచ్చారు. న్యాయం పొందిన పౌరుడిగా బామ్మర్ది గారిని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన మైకు తీసుకుని, గడియారం పోయినా బాధ లేదు, యంత్రాన్ని చూశాక కడుపు నిండిపోయిందని గద్గదంగా చెప్పారు. అప్పుడు భూతద్దం మేడమ్ లేచి నిలబడింది.

"సార్, పంతొమ్మిదో ఎపిసోడ్లో చీఫ్ చివర్లో ఇంటి యజమాని వేలిముద్ర కూడా చూస్తారు. మనం ఆ ఒక్కటీ చెయ్యలేదు. సీజన్ అసంపూర్తిగా ఉండిపోతుందేమో."

డైరెక్టరు గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మంత్రిగారి ముఖం మాత్రం వెలిగిపోయింది. శాఖలో ఒక్కరైనా సీజన్‌ను శ్రద్ధగా చదువుకున్నవాళ్లు ఉన్నారని మెచ్చుకున్నారు. ఆ ఎపిసోడ్ తమకు కూడా బాగా గుర్తుందని, అందులో వాన సీను అద్భుతమని చెప్పి, బామ్మర్దిని వేదిక మీదికి రమ్మన్నారు.

బామ్మర్ది గారు వెంటనే లేవలేదు. చెప్పులో రాయి పడిందన్నారు. తర్వాత చెయ్యి చెమట పట్టిందన్నారు. కెమెరాలన్నీ తిరిగాక ఇక తప్పదని వచ్చి, వేడి పెనం మీద పెట్టినట్టు బొటనవేలు పెట్టారు.

కిటికీ మీది ముద్రా, ఆయన ముద్రా గిరగిరా తిరిగాయి. ఎర్రగీతలు పరుగెత్తాయి. కుయ్యిమంది. మ్యాచ్.

చప్పట్లు కొట్టడం అలవాటైపోయిన వెనక వరసవాళ్లు నాలుగు చప్పట్లు కొట్టి, పక్కవాళ్లను చూసి ఆపేశారు.

"ఇదేంటి బావా, నా ఇల్లే కదా, నా వేలిముద్ర ఉండదా?" అన్నారు బామ్మర్ది గారు.

సభ మొత్తం తలూపింది. నిజమే కదా, సొంత ఇల్లు కదా, ఎందుకుండదు అని ఇన్‌స్పెక్టరు పక్కవాళ్లకు నచ్చజెప్పాడు. అలాంటి మాట తను ఇంతకు ముందు ఎక్కడా విననట్టే మాట్లాడాడు. మేడమ్ ఒక్కతే అతని వంక చూస్తూ ఉండిపోయింది.

అయినా తెర మీద ఆ అక్షరాలు అలాగే వెలుగుతున్నాయి. టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం నడుస్తోంది. మంత్రిగారు నవ్వడానికి ప్రయత్నించి, ఏదీ నేను పెడతాను అని తమ బొటనవేలు పెట్టారు. మ్యాచ్. డైరెక్టరు గారిని పెట్టమన్నారు. మ్యాచ్. కంగారులో పక్కనున్న కెమెరామన్ చెయ్యి పట్టుకుని లాగి పెట్టించారు. అదీ మ్యాచే. మంత్రిగారు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తెరిచాక ఆయన కంఠం మారిపోయింది. ఈ యంత్రంలో లోపం ఉందని తమకు మొదట్నుంచీ అనుమానంగా ఉందని, అందుకే ప్రజలందరి ముందు ఈ పరీక్ష పెట్టామని, ఇది ఇచ్చిన ఫలితాలన్నీ ఈ క్షణం నుంచి రద్దని ప్రకటించారు. అప్పటికి సభ మొదలై నలభై రెండు నిమిషాలైంది. మర్నాడు పేపర్లన్నీ మొదటి పేజీలో ఆ సంగతే వేశాయి. ఇంత పెద్ద లోపాన్ని ఇంత తక్కువ సమయంలో కనిపెట్టిన మంత్రి ఇంతకు ముందు లేరని ఒక సంపాదకీయం రాసింది.

సభ అయ్యీ అవగానే డైరెక్టరు గారు మేడమ్‌ను పిలిచి, మేస్త్రీ మీద ఆవిడ పాత రిపోర్టు సొరుగులోంచి తీసి, దుమ్ము దులిపి, కోర్టుకు పంపే కవరులో పెట్టారు. యంత్రం సంగతి ముందే చెప్పొచ్చు కదా మేడమ్ అని మెత్తగా మందలించారు కూడా. ఆవిడ ఆ కవరు తనే చేతిలో పట్టుకుని ఆటో ఎక్కి కోర్టులో ఇచ్చి, రసీదు తీసుకుని గాని ఇంటికి వెళ్లలేదు.

శుక్రవారం సాయంత్రానికి మేస్త్రీ బయటికొచ్చాడు. అతని భార్య ల్యాబు మెట్ల దగ్గరికొచ్చి మేడమ్ చెయ్యి పట్టుకుంది. కాగితం కదిలిందమ్మా అని మాత్రం అనగలిగింది. తర్వాత ఇద్దరూ మెట్ల మీదే కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా లెక్కచెయ్యకుండా కళ్లు తుడుచుకున్నారు.

ఆదివారం నాడు బామ్మర్ది గారి దగ్గర్నుంచి పోలీసులకు ఒక ఉత్తరం వచ్చింది. గడియారం బీరువాలో చొక్కాల కింద కనబడిందని, ఇక ఎవరినీ శ్రమ పెట్టవద్దని అందులో ఉంది. నిజానికి వెతకమని ఆయన్ను ఎవరూ అడగలేదు.

ట్యూబులైట్లు తిరిగొచ్చాయి. మైక్రోస్కోపు మీది గోనెసంచి తీసేశారు. స్టాండు ఫ్యాను గాలికి ఇప్పుడు ఉతికిన కోట్లు ఆరేసుకుంటున్నారు. అద్దాల గోడలు ఊడదీసే పని ఎవరికివ్వాలని డైరెక్టరు గారు అడిగితే మేడమ్ వెంటనే మేస్త్రీ పేరు చెప్పింది. సోమవారం పొద్దున్నే అతను ఉలి, సుత్తి పట్టుకుని వచ్చాడు. ముందు పుట్టీ మీద వేలితో ఒక్కసారి నొక్కి చూసి, ఎవరు పెట్టారమ్మా ఇది, చేతకానివాడు అని పెదవి విరిచాడు.

మేడమ్ తన సొరుగులోంచి కొత్త గ్లవ్స్ జత తీసి అతని ముందు పెట్టింది. ఇకమీదట ఏ ఇంట్లో అద్దం ముట్టుకున్నా ఇవి వేసుకోమంది. మేస్త్రీకి నవ్వొచ్చింది.

"వీటితో అద్దం జారిపోతుందమ్మా. మా పనిలో చూపు కంటే వేలే ముఖ్యం. వేలికి తెలియాలి," అని గ్లవ్స్ పక్కన పెట్టి, స్టూలెక్కి పుట్టీ గోకడం మొదలుపెట్టాడు.

వేలి సంగతి ఆవిడకు మాత్రం తెలియదా. వెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. మూడు వారాల్లో తేలిపోయిన ఫైళ్లన్నీ మళ్లీ తేలకుండా గుట్టలుగా పడి ఉన్నాయి. పైనున్నది తీసి తెరిచింది.

అప్పుడే డైరెక్టరు గారు ఆయాసపడుతూ వరండాలోకి వచ్చారు. మంత్రిగారికి పొద్దున్నుంచి మళ్లీ నడుం పట్టేసిందట. డాక్టరు ఈసారి రెండు వారాలు మంచం దిగొద్దన్నాడట. టీవీని పడగ్గదిలోకి మార్చారట. రెండో సీజన్ నిన్ననే మొదలైందట.

గుమాస్తా తన రబ్బరు ముక్కను తీసి జేబులో వేసుకున్నాడు. మేస్త్రీ స్టూలు దిగాడు. రెండు చేతులూ లుంగీకి తుడుచుకుని, టేబుల్ దగ్గరికొచ్చి గ్లవ్స్ తీసుకుని, ఒక్కో వేలూ సర్దుకుంటూ రెండు చేతులకూ తొడుక్కున్నాడు.